నేను ఖాళీ చేసిన మూడెకరాలు

విలేకరికి రిటైర్మెంట్ అంటూ ఉండదు. ఒక నెలలో డెస్కు నుంచి ఫోన్లు తగ్గుతాయి. ఇంకో నెలలో ఆగిపోతాయి. ఆ తర్వాత మన తాలూకా వార్తలు వేరే ఎవరి పేరుతోనో వస్తుంటాయి. అప్పుడు అర్థమవుతుంది, మనం రిటైరయ్యామని. ఆ లెక్కన నేను రిటైరయి కొన్నేళ్లయింది. ఇప్పుడు పావగడ తాలూకాలో ఫోనుతోనే ఫొటో తీసి, ఫోనుతోనే వార్త రాసి, టీ చల్లారేలోగా పంపేస్తున్న మీ తరం వాళ్లు "మీ అనుభవాలు రాయండి సార్" అని అడిగారు. విజయాలు రాయమంటారేమోనని భయపడ్డాను. అనుభవాలన్నారు కాబట్టి సరిపోయింది. అవి నా దగ్గర ఉన్నాయి.

ఒక్కటే రాస్తాను. నేను వాడిన ఒక ఇంగ్లీషు మాట గురించి.

మన సంగతి మీకు తెలిసిందే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, ఆఫీసులో కన్నడ, బస్సులో రెండూ. నేను పనిచేసిన తెలుగు పేపరు సరిహద్దు అవతల, ఆంధ్రలో అచ్చయి, పొద్దున మొదటి బస్సులో వచ్చేది. అందులో మన తాలూకాకు అర పేజీ. పెళ్లిళ్ల సీజన్లో ఆ అర పేజీ కూడా ప్రకటనలకు పోయేది. డెస్కులో కూర్చున్నవాళ్లకు మన కన్నడ ఆఫీసు మాటలు తెలియవు. వాళ్లు రాసే తెలుగు మన ఊళ్లలో ఎవరూ మాట్లాడరు. రెండు వైపులా తెలిసింది ఇంగ్లీషు ఒక్కటే. అందుకని మాట ఎక్కడ చిక్కుపడినా అక్కడొక ఇంగ్లీషు మాటను తెలుగు అక్షరాల్లో పెట్టేవాళ్లం. సరిహద్దు తగాదా అక్కడితో తీరిపోయేది.

పైగా నేను ఇంగ్లీషు సాహిత్యంతో డిగ్రీ చేసినవాణ్ణి. ఆ చదువుకు మన తాలూకాలో ఇంకో గిరాకీ లేదు. నా వార్తల్లో అధికారి కోప్పడితే 'సీరియస్' అయ్యేవాడు. ఏమీ చెప్పకుండా తప్పించుకుంటే 'క్లారిటీ' ఇచ్చేవాడు. బస్టాండులో ఇద్దరు గొంతు పెంచితే 'హై టెన్షన్'. 'లోకల్స్' అంటే మా టీకొట్టు యజమాని. 'సోర్సెస్' అన్నా ఆయనే, కాకపోతే ఆ రోజు వడ కూడా తిన్నానని అర్థం. ఈ మాటల వల్ల ఎవరికీ నష్టం జరగలేదు, తెలుగుకు తప్ప. తెలుగు వచ్చి అర్జీ పెట్టుకోదు కనుక ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత సోలార్ పార్కు వచ్చింది. క్యాతగానచెర్లు వైపు ఏ దారిన పోయినా కొలతలు వేసేవాళ్లు, జీపులు, పచ్చ టోపీలు. నాకు ప్రెస్ నోట్లు రావడం మొదలైంది. అంతవరకూ నా పేరున వచ్చిన అచ్చు కాగితమంటే కరెంటు బిల్లే. ఇవి మంచి మందపాటి కాగితం మీద, మంచి ఇంగ్లీషులో ఉండేవి. చదువుతుంటే కాలేజీ రోజులు గుర్తొచ్చేవి. కష్టపడి అనువదించాల్సిన పని కూడా లేదు. ఇంగ్లీషు మాటల్ని తెలుగు లిపిలోకి దింపి, చివర 'చేస్తున్నట్లు తెలిపారు' అని తగిలిస్తే వార్త.

పట్టా ఉన్న రైతులు భూమిని లీజుకిచ్చారు, వాళ్లకు ఏటా బాడుగ వస్తోంది. పట్టా లేనివాళ్ల సంగతి వేరు. సర్కారు భూమిని ఏళ్ల తరబడి దున్నుకుంటూ, దాన్ని మా పేరున రాయండని అర్జీ పెట్టుకుని కాచుకుని ఉండడాన్ని మన వైపు బగర్ హుకుం అంటాం. ఏ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు, ఆ మాట తెలియనివాళ్లుండరు.

అలాంటి అర్జీదారుల్లో ఒక అక్క ఉండేది. బంధుత్వం ఏమీ లేదు, నాకంటే నాలుగేళ్లు పెద్ద కాబట్టి అక్క. ఆమే, ఆమె భర్తా కలిసి రాళ్లు ఏరి, గట్టు వేసి, మూడెకరాలు సాగులోకి తెచ్చారు. భర్త పోయాక ఒక్కతే చేసుకునేది. తెలుగు, కన్నడ రెండూ దడదడా మాట్లాడుతుంది. చదవడం రెండింటిలోనూ రాదు. అర్జీకి ఇచ్చిన రసీదును మాత్రం ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కవరును ఇంకో కవరులో పెట్టి దాచుకుంది.

ఒకనాడు సోలార్ కంపెనీ తరఫున ఒక కుర్ర ఇంజనీరు, కొత్త సబ్‌స్టేషన్ కట్టే స్థలం చూపిస్తానని పత్రికల వాళ్లను జీపులో తీసుకెళ్లాడు. పత్రికల వాళ్లంటే నేనూ, ఒక కన్నడ పేపరు మిత్రుడూ. ఆ మిత్రుడు జీపు ఎక్కగానే నిద్రపోయేవాడు, దిగాక కూడా పూర్తిగా లేచేవాడు కాదు. ఆ రోజు గురించి ఆయన ఒక్క ముక్క కూడా రాయలేదు. మా ఇద్దరిలో నిజాయతీగా పనిచేసింది ఆయనేనని తర్వాత నాకు తెలిసొచ్చింది.

జీపు ఆగింది అక్క మూడెకరాల దగ్గరే. శెనక్కాయ చెట్లు పీకి కుప్ప వేసి ఉంది. అక్క, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కుప్ప పక్కన కూర్చుని కాయలు తెంపుతున్నారు.

"ఏందప్పా, పేపరోళ్లు గూడా వచ్చినారే! ఈడ ఏముండాదని?" అంది.

"సబ్‌స్టేషన్ కడతారంటక్కా."

"యాడ?"

చూపించబోయి చేయి దించేసుకున్నాను. అది సరిగ్గా ఆమె కుప్ప మీదికే పోతోంది.

"ఈ సుట్టుపక్కలేలే."

"కట్టుకోనీ పాపం. వాళ్లకీ జాగా కావల్ల గదా. కూర్సోండి, పచ్చికాయ తినుకోని పోండి" అని మాకు చెరో దోసెడు పెట్టింది. ఇంజనీరు గట్టు మీద నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆయనకూ పెట్టబోతే చేత్తోనే వద్దన్నాడు. మిత్రుడు సగం జేబులో పోసుకున్నాడు. నేను అక్కడే కూర్చుని తిన్నాను. కాయ బాగుంది, మూడు గింజలది.

ఇంటికొచ్చి వార్త రాశాను. 'కొందరు బగర్ హుకుం కింద సాగు చేసుకుంటున్న సర్కారు భూమిలో సబ్‌స్టేషన్' అని మొదటి వాక్యం. ఇది నా ఖాతాలో ఉన్న ఒకే ఒక మంచి పని, దాని ఆయుష్షు అరగంట. డెస్కు నుంచి సబ్ ఎడిటర్ ఫోన్ చేశాడు. కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చిన అబ్బాయి, మర్యాదస్తుడు.

"గురువుగారూ, ఈ బగర్ హుకుం ఏంటండీ? కొత్త వంగడమా?"

"కాదు నాయనా, పట్టా లేకుండా సాగు చేసుకోవడం."

"మా వైపు దాన్ని ఇంకేదో అంటారండీ."

"అదే రాయి."

"అది మీ వైపు వాళ్లకి అర్థం కాదు కదండీ. ప్రెస్ నోట్‌లో చక్కగా 'వేకెంట్ గవర్నమెంట్ ల్యాండ్' అని ఇచ్చారు. అది పెట్టేయమంటారా? అందరికీ తెలిసిన మాట. జాగా కూడా కలిసొస్తుంది."

నేను ఆలోచిస్తున్నాను. నిజంగానే ఆలోచిస్తున్నాను. అంతలో అతనే అన్నాడు: "ఇంకో సంగతండీ. ఇన్‌చార్జి గారు దీనికి మీ పేరు వేయమన్నారు."

అప్పటికి నేను పనిలో చేరి ఇరవై ఏళ్లు. అన్నేళ్లూ నా వార్తల మీద 'మా విలేకరి' అనే ఉండేది. మా ఆవిడ కూడా నన్ను అలాగే పిలవడం మొదలుపెట్టింది.

"పెట్టండి" అన్నాను.

ఏది పెట్టమన్నానో, నా పేరునా, 'వేకెంట్' మాటనా, అతను అడగలేదు. నేనూ చెప్పలేదు. రెండూ పెట్టాడు.

ఇప్పుడు మా రోజుల్లో ఉన్న ఒక అలవాటు చెప్పాలి. ఇవాళ మీరు వార్త లింకును గ్రూపుల్లో వదులుతారు. మేం చేత్తో వదిలేవాళ్లం. వార్త వచ్చిన పొద్దున పేపరు పట్టుకుని, ఎర్ర ఇంకుతో దాని చుట్టూ గీత గీసి, ఆ వార్తతో సంబంధమున్న ప్రతి ఆఫీసుకూ తిరిగి చూపించేవాళ్లం. లేకపోతే మనం రాశామని వాళ్లకెలా తెలుస్తుంది? ఆ రోజు నేను వార్త చుట్టూ ఒక గీత, నా పేరు చుట్టూ ఇంకో గీత గీశాను. అర్జీలు చూసే ఆఫీసులో ఫైళ్లు నడిపే గుమాస్తా ఉండేవాడు. మన వైపువాడే, తెలుగు చదవగలడు. "ఏం సార్, పేరు గూడా వచ్చిందే!" అని సంతోషపడి, జిరాక్స్ తీయించి ఉంచుకున్నాడు. టీ కూడా ఇప్పించాడు.

అక్కకు మాత్రం చూపించలేదు. ఆమెకు చదవడం రాదు కదా అనుకున్నాను.

కొన్ని నెలల తర్వాత అక్క బస్సెక్కి నాగలమడికలో మా ఇంటికొచ్చింది. చేతిలో నోటీసు.

"ఏముండాదో సదువప్పా."

చదివాను. "నీ అర్జీ మీద విచారణకు రమ్మన్నారక్కా. ఆ భూమి నీ సాగులో ఉన్నట్టు రుజువు చూపించల్ల."

"రుజువంటే?"

"కాగితమన్నా ఉండల్ల, సాక్షన్నా ఉండల్ల."

"అంతేనా? నువ్వు వచ్చినావు గదా! కూర్సోని కాయలు తిన్నావు గదా! నీకన్నా సాక్షి యాడ దొరుకుతాడు నాకు? పేపరోడు సెప్తే కాదంటారా?"

ఆ క్షణంలో నాకు నా వార్త గుర్తు రాలేదని రాస్తే బాగుంటుంది. కానీ వచ్చింది. అది తెలుగు పేపరు, వాళ్లది కన్నడ ఆఫీసు, ఎవడు చదువుతాడులే అని సర్దిచెప్పుకున్నాను. తన వార్త ఎవరూ చదివి ఉండకూడదని విలేకరి కోరుకోవడం వింతే. మన పేపరు సర్క్యులేషన్ దృష్ట్యా ఆ కోరిక తీరడానికి మంచి అవకాశమే ఉండింది.

విచారణ రోజు అక్క ఉతికి మడత పెట్టిన చీర కట్టుకుని, సంచి నిండా శెనక్కాయలు తెచ్చింది. అవి రుజువు. ఆమెను గది బయట బెంచీ మీద కూర్చోబెట్టి పిలిచేదాకా ఉంచారు. ఆ సమయంలో అటుగా వచ్చినవాళ్లు రుజువులో చారెడు తినేశారు.

అధికారి వేరే జిల్లా నుంచి వచ్చిన మనిషి, తెలుగు రాదు. ఆయన కన్నడలో అడిగినవి ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"మీరెవరు?"

"విలేకరిని సార్. ఈమె అక్కడ పంట వేసింది. నేను కళ్లారా చూశాను."

గుమాస్తా ఇబ్బందిగా కదిలాడు. నా వైపు చూడకుండా, "సార్, వీరి వార్తే ఫైల్లో ఉంది" అన్నాడు.

"చదువు."

అతను నా తెలుగును గడగడా చదివాడు. అధికారి కిటికీలోంచి బయటికి చూస్తూ, అర్థంకాని పాట వింటున్నట్టు విన్నాడు. 'వేకెంట్ గవర్నమెంట్ ల్యాండ్' దగ్గరికి రాగానే తల ఇటు తిప్పాడు. ఆ వార్త మొత్తంలో ఆయనకు అర్థమైనవి ఆ మూడు మాటలే. ఆయనకు కావలసిందీ అంతే. నేను మన మాటల్లో ఏం రాసి ఉన్నా, అంటే ఏమిటని ఎవరినైనా అడిగి ఉండేవాడు. దీనికి ఎవరినీ అడగనక్కర్లేదు.

"ఈ పేరు మీదే కదా?"

"నాదే సార్." గుర్తుపట్టడం కష్టం కాలేదు, చుట్టూ గీత ఉంది.

"అయితే మీరు చూసి రాశారా, చూడకుండా రాశారా?"

నా ఉద్యోగంలో నన్ను ఎవరైనా అడిగిన మంచి ప్రశ్న అది. చూడకుండా అంటే నేను సాక్షినే కాను. చూసి రాశానంటే వార్త నిజం, అక్కది అబద్ధం. మూడో జవాబు ఒకటుంది. చూశాను, పంట ఉంది, అయినా ఖాళీ అని రాశాను. అక్కకు పనికొచ్చేది అదొక్కటే. గదిలో గుమాస్తా ఉన్నాడు, ఇంకో నలుగురు అర్జీదారులున్నారు, సాయంత్రానికి టీకొట్టు దాకా పాకుతుంది.

"ప్రెస్ నోట్‌లో అలా ఉంది సార్" అన్నాను.

"నేను ప్రెస్ నోట్ గురించి అడగలేదు."

అక్కకు కన్నడ వచ్చు కనుక అంతా అర్థమైంది, ఒక్క మాట తప్ప.

"వేకెంట్ అంటే ఏందప్పా?"

"ఖాళీ అనక్కా."

"ఏది ఖాళీ?"

"భూమి."

ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు కొంచెం సులువయ్యేది. సంచి వైపు ఒకసారి చూసి, "కాయలు తినుకుంటా తినుకుంటా ఖాళీ అని రాసినావా?" అంది. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.

అధికారి మంచివాడు. "పేపర్లోనే సవరణ వేయించి తీసుకురండి. పదిహేను రోజులు గడువిస్తాను" అన్నాడు. ఈ కథలో అందరూ మంచివాళ్లే. తప్పు మోయడానికి నేను తప్ప ఇంకెవరూ దొరకరు, చాలాసార్లు వెతికాను.

ఆ సాయంత్రమే డెస్కు ఇన్‌చార్జికి ఫోన్ చేశాను.

"సవరణ వేస్తే మనం తప్పు రాసినట్టవుతుంది కదండీ" అన్నాడు.

"తప్పే రాశాం సార్."

"అలా అనకండి. క్లారిఫికేషన్ వేద్దాం."

నేను రాసి పంపింది ఇది: 'ఆ భూమి ఖాళీ కాదు. అర్జీ పెట్టుకున్న ఒక మహిళ పట్టా లేకపోయినా చాలా ఏళ్లుగా అందులో శెనక్కాయ పండిస్తోంది. ఖాళీ అని రాయడం మా పొరపాటు.' గడువుకు ఒక్క రోజు ముందు అచ్చయింది. కోచింగ్ సెంటరు ప్రకటన కింద, ఒక్క వాక్యం: 'సదరు వేకెంట్ ల్యాండ్‌లో కొంత ఎన్‌క్రోచ్‌మెంట్ జరిగినట్లు సమాచారం.'

సబ్ ఎడిటర్‌కు ఫోన్ చేశాను. "ఎన్‌క్రోచ్‌మెంట్ అని ఎవరు పెట్టమన్నారయ్యా?"

"జాగా ఒక్క లైనే ఇచ్చారండీ. పట్టా లేకుండా సాగు అని మీరే రాశారు కదా, దాన్ని ఇంగ్లీషులో అంతే కదండీ అనేది? అందరికీ తెలిసిన మాట."

మాట చిక్కుపడితే ఇంగ్లీషు పెట్టొచ్చని, ఆ రోజు ఫోన్లో 'పెట్టండి' అని, అతనికి నేర్పింది నేనే. శిష్యుడు బాగా నేర్చుకున్నాడు.

మరుసటి రోజు విచారణ. నేను వెళ్లలేదు. ఒక భవనం ప్రారంభోత్సవం కవర్ చేయాల్సి వచ్చింది. అది ఏ భవనమో ఇప్పుడు గుర్తులేదు. ఆ ఒక్క లైను ఆఫీసుకు చేరకూడదని పేపరు నా దగ్గరే ఉంచుకున్నాను కానీ, నా మొదటి వార్త చూసినప్పటి నుంచి గుమాస్తా మన పేపరు తెప్పించుకుంటున్నాడట. మొదటి కటింగ్ పక్కనే రెండోదీ చేరింది. అంతకుముందు కాగితం మీద అక్క భూమిలో ఎవరూ లేరు. నా క్లారిఫికేషన్‌తో అందులోకి ఒక ఆక్రమణదారు వచ్చింది. అర్జీ కొట్టేశారు. ఉత్తర్వులో రెండు కటింగులనూ పేర్కొన్నారని గుమాస్తా చెప్పాడు. నా రాత సర్కారు ఉత్తర్వుకెక్కడం అదే మొదలు, అదే ఆఖరు.

ఆ ఒక్క మాటతోనే భూమి పోయిందని గొప్పలు చెప్పుకోను. ఆ జాగా కావలసినవాళ్లు గట్టివాళ్లు, నేను లేకున్నా దారి దొరికేది. వాళ్లకు వెతుక్కునే శ్రమ లేకుండా చేశాను, అంతే.

మీలో ఒకరు ఈమధ్య 'రోడ్డు కోసం ల్యాండ్ క్లియర్ చేశారు' అని రాశారు. అక్కడ ఏముంటే క్లియర్ చేశారని ఫోన్ చేసి అడుగుదామనుకున్నాను. నంబరు ఉంది. చేయలేదు. నేనెవరిని అడగడానికి?

డెస్కు ఫోన్లు పూర్తిగా ఆగిపోయాక ఒక మధ్యాహ్నం అక్క ఇంటికి వెళ్లాను. అంతవరకూ ఒక్కసారీ వెళ్లలేదు. ఆమె ఇప్పుడు కూలికి సోలార్ ప్లేట్లు కడగడానికి పోతోంది. అప్పుడే పని దిగి వచ్చి, అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. నేను చెప్పాలనుకున్నవి దారిలో వరుసగా పేర్చుకున్నాను.

"ఇంగా రాస్తాండావా?" అని అడిగింది.

"లేదక్కా. మానుకున్న్యా."

"మంచి పని సేసినావు." గడపలో నోటుపుస్తకం పెట్టుకుని కూర్చున్న మనవరాలి వైపు చూసింది. "ఒకటి రాసియ్యి నాకు. ఆ పొద్దు మా సేన్లో ఏం సూసినావో, అది."

"ఇప్పుడెందుకక్కా? దాంతో ఏమీ కాదు."

"కాదని నాకు తెలీదా? నా మనవరాలు సదువుతాది. అది కన్నడ ఇస్కూలు, కన్నడ అక్షరాల్లోనే రాయి. మాట మాత్రం మన మాటే ఉండల్ల. ఆ పొద్దు ఆ రూములో నాకు తెలీని మాట పెట్టినావే, అట్లాంటివి వద్దు."

ఆ పిల్ల నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఇచ్చింది. మన తెలుగును కన్నడ లిపిలో రాశాను. ఈ సేను ఈయమ్మది, మొగుడూ పెండ్లామూ రాళ్లేరి సేసినారు, శెనక్కాయ పీకి కుప్పేసింటే నేను సూసినాను, కూర్సోని తిన్నాను. కింద సంతకం పెట్టాను. నా వార్తల్లో డెస్కు ముట్టుకోనిది అదొక్కటే.

"సదువు" అంది. చదివాను. కళ్లు మూసుకుని విని, తల అడ్డంగా ఊపింది.

"కంది యాడ? శెనక్కాయ సాళ్ల నడాన కంది ఏసింటి. అది గూడా రాయి."

"నేను కంది చూడలేదక్కా."

"సూడంది రాసేది నీకేమన్నా కొత్తా? రాయి."

రాశాను.